మూగబండి

పల్లపు ఊళ్ళు మునిగి జనం మెరకెక్కిన నలభై ఒకటో ఏడు. జులై 3. వాన.

ఇది వర్క్‌షాపు పుస్తకం కాదు. ఆ పుస్తకం నెలనెలా మా ఆవిడ భ్రమరాంబ చదివి కింద సంతకం పెడుతుంది. ఊరి దస్త్రాలన్నీ చూసే ఉద్యోగం ఆవిడది. అందులో రాయడానికి వీల్లేని సంగతులు కొన్ని ఉన్నాయి కాబట్టి ఈ నోటుపుస్తకం మొదలెట్టాను. నా పేరు ఏడుకొండలు. చింతలగొంది మెరక మీద బళ్ళ మెకానిక్కుని.

ఇవాళ పొద్దున్న కొండచరియ జారి, లోయ మీదుగా సరుకులు మోసే తీగబండి స్తంభం ఒకటి లోయలో పడింది. మనుషులకేం కాలేదు గానీ మారేడుమిట్టకి దారి తెగింది. మందులూ ఉప్పూ బట్టలూ సమస్తం వచ్చేది అక్కణ్ణించే. నోటితో చెబితే నడిచే మా మాటబళ్ళు టవరు అందినంత మేరే కదులుతాయి. ఊరి గేటు దాటితే టవరు అందదు. సరుకు మోసే ఎగిరే తూనీగలు ఈ గాలికి లేవనే లేవవు. స్తంభం నిలబెట్టడానికి నెల పడుతుందని అవతలివాళ్ళు రేడియోలో చెప్పారు.

భ్రమరాంబకి ఇన్సులిన్ పన్నెండు రోజులకే ఉంది.

మధ్యాహ్నం ఊరిపెద్ద సూరన్న బాబాయి గొడుగేసుకుని మా ఇంటికొచ్చాడు. కాసేపు వాన గురించి మాట్లాడి, అసలు సంగతికొచ్చాడు.

"పాత ఘాట్ రోడ్డుంది కదా ఏడుకొండలూ. నలభై ఏడు కిలోమీటర్లు. నడిచి పోతే రాత్రి అడవిలో పడుకోవాలి, పులులు బతకనివ్వవు. మన ముక్తేశ్వర్రావైతే మూగబండి మీద పొద్దున్నెళ్ళి సాయంత్రానికల్లా వచ్చేసేవాడు."

ఆ పేరు చెప్పేటప్పుడు బాబాయి గొంతు మెత్తబడింది. ఈ ఊళ్ళో అందరి గొంతూ ఆ పేరు దగ్గర మెత్తబడుతుంది. నాకు మాత్రం అరికాల్లో మంట నెత్తికెక్కుతుంది.

ముక్తేశ్వర్రావంటే మా ఆవిడ మొదటి మొగుడు. పోయి ఏడేళ్ళయింది. ఊళ్ళోకి ఉత్తరాలూ మందులూ మోసేవాడు. ఆయన పోయిన ఏడాదికి పడవలపేట నించి నేనొచ్చాను, మెకానిక్కు ఉద్యోగంతోబాటు ఆయన భార్యనీ చేసుకున్నాను. ఇలా రాస్తే నాకే అదోలా ఉంది గానీ ఊరంతా అనేది ఇలాగే.

"నువ్వు నెలనెలా స్టార్ట్ చేసి చూస్తున్నావు కదా. బండి కండిషన్లోనే ఉందిగా?" అన్నాడు బాబాయి.

భ్రమరాంబ గుమ్మంలో నిలబడి నా వంకే చూస్తోంది.

"బ్రహ్మాండంగా ఉంది," అన్నాను.

ఇక నిజం రాస్తాను. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా నేను దాన్ని స్టార్ట్ చేయలేదు. నెలకోసారి కింద షెడ్డుకెళ్ళి స్టార్ట్ చేసి పుస్తకంలో ఎక్కించాలని ఊరు పెట్టిన పని. మొదటి నెల వెళ్ళాను. తాళం తీస్తే సీటు మీద ఆయన కూర్చున్న చోట గుంట పడి ఉంది. నేను కూర్చుంటే నా కాళ్ళు నేలకి అందలేదు. ఎంత పొడుగో మహానుభావుడు! దిగిపోయి, తాళం వేసి, ఇంటికొచ్చి "స్టార్ట్ చేశాను. బాగుంది." అని రాసేశాను. భ్రమరాంబ చదివి సంతకం పెట్టింది. ఆ తర్వాత డెబ్భై ఒక్కసార్లు అదే రాశాను.

జులై 4. వాన.

షెడ్డు ఊరవతల, కింద మలుపులో ఉంటుంది. దానికి పైన ఉన్న ఇల్లు మాదొక్కటే. ఊరంతా కొండకి అటుపక్క. అందుకే నేను లోపల ఏం చేస్తున్నానో చూసేవాడు లేకపోయాడు.

పొద్దున్నే వెళ్ళి ముందు బూజు దులిపాను. టైర్లు రెండూ నేలకి కరుచుకుపోయి ఉంటే ఎవరైనా వచ్చేలోగా గాలి కొట్టాను. నెలనెలా నడిచే బండికి ఇంత దుమ్ముంటుందా అని అడిగితే ఏం చెప్పను? రెండు గంటలు తడిగుడ్డ పెట్టి తుడిచాను. నా పెళ్ళికి కూడా నేనింత శుభ్రంగా తయారవలేదు.

తర్వాత దాని ముందు నిలబడి, అలవాటు కొద్దీ "లే నాయనా, బయల్దేరదాం," అన్నాను. అదెందుకు లేస్తుంది? మాటబండికైతే ఆ మాట చాలు. జబ్బు చేసినా అదే చెబుతుంది, కుడి చక్రం పట్టేసిందనో, బ్యాటరీ నీరసంగా ఉందనో. అది చెప్పిన చోట మేం చెయ్యి పెడతాం, అంతే. ఇరవయ్యేళ్ళుగా నా మెకానిక్కు పనంటే అది. ఇది నోరూ చెవీ లేని పాతకాలపు మోటారు సైకిలు. అందుకే దీన్ని మూగబండంటారు. నొప్పెక్కడో మనమే వెతుక్కోవాలి.

పక్కనున్న కడ్డీని కాలితో తన్నితే స్టార్టవుతుందని విన్నాను. తన్నాను. మొదట కదల్లేదు. దాని మీద ఎక్కి నిలబడితే కిర్రుమని కిందికి జారింది. నలభైసార్లు తన్నాను. ఉహూఁ.

సాయంత్రం సూరన్న బాబాయి వచ్చి చూసి నిట్టూర్చాడు. "ఆయన మీద బెంగ పెట్టుకున్నట్టుంది పాపం."

ఇనప ముక్క కూడా ఆయన మీద బెంగ పెట్టుకుంటుంది! నాకు జ్వరమొస్తే అన్నం తిన్నావా అని అడిగినవాడు లేడు ఈ ఊళ్ళో.

జులై 5. ముసురు.

మారేడుమిట్టలో రాజామణిగారని ఒక ముసలావిడ ఉంది. ఎనభై ఎనిమిదేళ్ళు. వాళ్ళ నాన్నకి అప్పట్లో మోటారు సైకిళ్ళ షెడ్డుండేదట. ఇప్పుడు వీటి గురించి తెలిసిన మనిషి ఆవిడొక్కతే మిగిలింది. భ్రమరాంబే రేడియోలో ఆవిణ్ణి పట్టుకుంది. నన్ను ముందు కూర్చోబెట్టి తను నా పక్కన నిలబడింది.

"ఏం అబ్బాయ్, ఎన్నాళ్ళుగా ఆగి ఉంది బండి?" మొట్టమొదటి ప్రశ్నే అది.

భ్రమరాంబ చెయ్యి నా కుర్చీ వెనకాల ఉంది. నేను తల తిప్పలేదు.

"పోయిన నెలే స్టార్ట్ చేశానండి."

"అమ్మయ్య. అయితే పెద్ద రోగం కాదులే. ప్లగ్గు విప్పి చూడు. నల్లగా మసి పట్టి ఉంటే గీకి, తీగకి తగిలించి, ఇంజను ఒంటికి ఆనించి, తన్ను. నీలంగా మెరుపు రావాలి."

భ్రమరాంబ పక్కకెళ్ళి మంచినీళ్ళు తాగింది.

షెడ్డుకెళ్ళి ఆవిడ చెప్పినట్టే చేశాను. మెరుపొచ్చింది! చిటుక్కుమని నీలంగా. ఎగిరి గంతేశాను. ప్లగ్గు బిగించి మళ్ళీ తన్నితే మళ్ళీ ఉహూఁ.

జులై 6.

రాజామణిగారు: "ప్లగ్గు మళ్ళీ విప్పు. తడిగా ఉందా, పొడిగా ఉందా?"

"పొడిగా ఉందండి," అన్నాను షెడ్డుకెళ్ళి చూసొచ్చి.

"అంటే నూనె దిగట్లేదు. ట్యాంకులో ఏముంది?"

"ఇప్పసారా అండి. మూడుసార్లు కాచింది." పెట్రోలు చూసినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. ముక్తేశ్వర్రావు తనే ఏవో మార్పులు చేసుకుని సారా మీద నడిపేవాడట. ఊళ్ళో ఆ కథ కూడా పదిసార్లు విన్నాను.

"పోయిన నెల పోసిందేగా? మంచిదే. ట్యాంకు కింద చిన్న మర ఉంటుంది, అది తెరిచావా? మూతకి సన్నటి బెజ్జం ఉంటుంది, గాలాడ్డానికి. అది పూడుకుపోయిందేమో సూదితో పొడువు. కార్బరేటరు జోలికి మాత్రం పోకు అబ్బాయ్. నెల్లాళ్ళకి అది పూడుకుపోదు. తెలియనివాడు విప్పితే మళ్ళీ బిగించలేడు."

మర తెరిచాను. బెజ్జం పొడిచాను. మూత తీసి వాసన చూశాను. పులిసిపోయిన కుడితి వాసన ముక్కులో గుచ్చుకుంది. ఏడేళ్ళ నాటి సారా. దాని మీదే కొత్త సారా నాలుగు లీటర్లు పోసి మూత పెట్టేశాను. పైన పోసింది మంచిదే కదా, అదే దిగుతుందిలే అనుకున్నాను. ఏ వస్తువైనా కిందనించే దిగుతుందని తెలియక కాదు. తెలియనట్టు ఉండటం తేలికనిపించింది.

రేడియో దగ్గర నించి వస్తుంటే భ్రమరాంబ దారిలో రెండుచోట్ల కూర్చుంది. నీరసంగా ఉందా అంటే, వాన చిరాగ్గా ఉందంతే అంది.

జులై 7.

రెండువందల పది తన్నులు. లెక్కపెట్టాను. ప్రతి తన్నూ ముక్తేశ్వర్రావుకే తగలాలని తన్నాను. ఫలితం సున్నా.

గోడకి ఆయన హెల్మెట్టుంది, కోటుంది, చేతితొడుగులున్నాయి. తొడుగుల వేళ్ళు ఇంకా వంపుతిరిగి ఉన్నాయి, హ్యాండిలు పట్టుకుని ఉన్నట్టే. తీసి ఒక మూలకి విసిరేశాను. కాసేపటికి సిగ్గేసి మళ్ళీ తగిలించాను. బతికున్నవాడితోనైతే ఒకసారి గట్టిగా గొడవపడి తేల్చుకోవచ్చు. చచ్చిపోయినవాడితో ఎలా తగువులాడతాం? వాడికి జుట్టు నెరవదు, గురక పెట్టడు, కూరలో ఉప్పు తక్కువైందని విసుక్కోడు. ఎప్పుడు చూసినా పొడుగ్గా నవ్వుతూ ఉంటాడు, మా ఇంట్లో దండ వేసిన ఫోటోలో.

ఇప్పుడు చూడండి, నా పెళ్ళాం ప్రాణం కూడా ఆ మహానుభావుడి బండే కాపాడాలి. నేను కాదు!

జులై 8.

మోకాలు వాచింది. ఇవాళ ఎడమకాలితో తన్నాను.

జులై 9.

చాలా రాయాలి.

పొద్దున్న మందు పెట్టెలో మంచుగడ్డ మారుద్దామని తీశాను. ఆ పని రోజూ భ్రమరాంబే చేసుకుంటుంది, ఇవాళ లేవలేకపోయింది. సీసా ఎత్తి చూస్తే మందు ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉంది. మూడో తారీకు నించి ఆరు రోజులు వాడితే సగానికి రావాలి. ముప్పాతిక ఉంది.

"సగం డోసే వేసుకుంటున్నావా?"

గోడవైపు తిరిగి పడుకుంది. "సరిపోతోందిలెండి."

"ఏం సరిపోతోంది? గంటకో చెంబు నీళ్ళు తాగుతున్నావు. కళ్ళు లోపలికి పోయాయి. ఎప్పణ్ణించి?"

"స్తంభం పడ్డ రోజునించి."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు బండి పనిలో ఉన్నారు కదా," అంది. అందులో వెటకారం ఉందేమో అని వెతికాను. కనబడలేదు.

రేడియో గదిదాకా కుంటుకుంటూ పరిగెత్తాను. అదృష్టం, అక్కడెవరూ లేరు.

"రాజామణి అమ్మమ్మగారూ, నేను మీకు అబద్ధం చెప్పానండి."

"ఏవిటది?"

"బండి పోయిన నెల నడవలేదు. ఏడేళ్ళయింది నడిచి."

ఆవిడ అందుకుంది. ఆ తిట్లన్నీ రాస్తే పేజీ చాలదు. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషికి అంత ఊపిరి ఎక్కణ్ణించి వచ్చిందో!

"ఒరే సన్నాసీ, డాక్టరు దగ్గరికెళ్ళి నొప్పి కాల్లో ఉంటే చేతిలో ఉందని చెబుతావా? మొదటిరోజే ఆ మాట చెబితే మర్నాటికల్లా బండి రోడ్డెక్కేది. నాలుగు రోజులు, నాలుగు రోజులు తినేశావు కదరా! ఎందుకు చెప్పావురా అబద్ధం?"

"కుళ్ళండి," అన్నాను.

"ఏంటీ?"

"ఆ బండి ఆయనది. మా ఆవిడ మొదటాయనది. నాకు దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదండి. ముట్టుకున్నట్టు రాసేశాను."

ఆవిడ ఇంకా తిడుతుందనుకున్నాను. "ఊఁ," అంది. "కాగితం తీసుకో. రాసుకో."

జులై 10. వాన తగ్గింది.

రాజామణిగారు చెప్పిన వరసలో చేశాను. ముందు ట్యాంకు మొత్తం ఖాళీ చేశాను. ముదురు టీ రంగులో నీళ్ళు, అడుగున తుప్పు గడ్డలు. నేను మొన్న పోసిన నాలుగు లీటర్ల మంచి సారా కూడా అందులో కలిసి నాశనమైంది. గుప్పెడు గులకరాళ్ళు వేసి, ట్యాంకుని రెండు చేతులా ఎత్తి ఊపి ఊపి కడిగాను. నీళ్ళు తెల్లగా వచ్చేదాకా తొమ్మిదిసార్లు.

ట్యాంకు కింద మరలో సన్నటి జల్లెడుంది. దాన్ని చూస్తే జల్లెడని తెలీదు, మట్టి బిళ్ళలా ఉంది.

ప్లగ్గు బెజ్జంలో నాలుగు చుక్కలు ఆముదం వేసి మర్నాటిదాకా ఊరనిమ్మంది. లోపల పిస్టను గోడకి అంటుకోకుండా ఇన్నాళ్ళూ ఉండటమే నీ అదృష్టం, అంది. వేశాను.

తర్వాత ఆవిడ ముట్టుకోవద్దన్న కార్బరేటరు విప్పాను. అడుగు గిన్నెలో తెల్లటి పొక్కు. నీళ్ళు కలిసిన సారా ఏడేళ్ళు కూర్చుని లోహాన్ని తినేసిందట. లోపల నూనె దిగే ఇత్తడి గొట్టాలు రెండు, సూదిమొనంత బెజ్జాలు. రెండూ పూర్తిగా మూసుకుపోయాయి. నిమ్మరసం కలిపిన వేడినీళ్ళలో నానబెట్టి, రేడియో తీగలోంచి లాగిన సన్నటి పోగుతో ఒక్కొక్కటీ పొడిచాను. ఎత్తి వెలుగులోకి చూస్తే రెండోదానిలోంచి ఆకాశం కనబడింది. ఏడుపొచ్చింది. ఎందుకో తెలీదు.

భ్రమరాంబకి ఇవాళ పూర్తి డోసు నేనే దగ్గరుండి వేయించాను. వద్దని కొట్లాడింది. "బండి లేస్తుంది. రేపు లేస్తుంది," అన్నాను. ఆ మాటకి తను సంతోషపడుతుందనుకున్నాను. మొహం తిప్పేసుకుంది. ఆయన బండి మీద నేనెక్కడం ఇష్టం లేదేమోననిపించింది. అంత నీరసంలో ఉన్న మనిషిని చూస్తూ కూడా నాకు ముందు తట్టిందదే. నా బుద్ధి కాల్చ.

జులై 11. ఎండ.

అన్నీ బిగించాను. కొత్త సారా పోశాను. తన్నాను. ప్లగ్గు విప్పితే ఇవాళ తడిగా ఉంది! కానీ అంటుకోలేదు.

రాజామణిగారు: "చలికి సారా అంటుకోదురా. వేడినీళ్ళలో గుడ్డ ముంచి పిండి కార్బరేటరుకి కాపడం పెట్టు. చంటిపిల్లకి కడుపునొప్పొస్తే పెట్టమా, అలాగ."

పెట్టాను. మూడుసార్లు గుడ్డ మార్చి, హ్యాండిలు పట్టుకుని, వాచిన కాలితోనే తన్నాను.

పేలిపోయింది.

పేలిపోయిందనే అనుకున్నాను. హ్యాండిలు వదిలేసి వెళ్ళి డ్రమ్ము వెనకాల పడ్డాను. చెవుల్లో దడదడదడ. రేకులు ఊగాయి. చూరులోంచి పక్షులన్నీ ఒక్కసారి లేచిపోయాయి. ఎంతసేపటికీ ఆగదు ఆ చప్పుడు. లేచి చూస్తే బండి దాని పాటికది నిలబడి, ఒళ్ళంతా అదురుతూ, నడుస్తోంది.

ఇదా మూగబండి!

నేను పడవలపేటలో నీళ్ళ మీద పుట్టినవాణ్ణి. మా పడవలకి చప్పుడు లేదు. ఇక్కడి మాటబళ్ళకి చప్పుడు లేదు. మూగబండంటే ఇంకా నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాను. మాట్లాడదు కాబట్టి మూగదన్నారు గానీ, ఇది లోయ లోయంతా వినబడేలా అరుస్తుందని నాకెవడు చెప్పాడు?

సంతోషంతో కేకేద్దామని నోరు తెరిచాను. అప్పుడు తట్టింది.

షెడ్డుకి సరిగ్గా పైన మా ఇల్లు. డెబ్భై రెండు నెలలు. నెలకోసారి షెడ్డుకెళ్ళి, ఓ మూల కూర్చుని చుట్ట కాల్చుకుని, ఇంటికెళ్ళి "స్టార్ట్ చేశాను, బాగుంది" అని రాశాను. ముక్తేశ్వర్రావుతో కాపరం చేసిన మనిషికి ఈ చప్పుడు తెలీదా? చదివింది. సంతకం పెట్టింది. మంచినీళ్ళు తెచ్చిచ్చింది. మొన్న రేడియో దగ్గర నేను అబద్ధం చెబుతుంటే నా కుర్చీ వెనకాలే నిలబడింది.

బయటికొచ్చి తలెత్తి చూశాను. పై మలుపులో గోడ పట్టుకుని భ్రమరాంబ నిలబడి ఉంది. అక్కణ్ణించి ఇక్కడికి ఒక్కో అడుగే వేసుకుంటూ దిగింది.

"భ్రమరా, నేను..."

"ఆపకండి దాన్ని," అని అరిచింది ఆ చప్పుడుని మించి. "ఆపితే మళ్ళీ లేస్తుందో లేదో. మాటలు తర్వాత. మీకు నడపడం వచ్చా?"

రాదు.

జులై 11, సాయంత్రం.

భ్రమరాంబ డ్రమ్ము మీద కూర్చుని నేర్పింది. వెనక సీటు మీద కూర్చుని చూసి నేర్చుకుందట.

"ఎడమచేతిది క్లచ్చు. అది నొక్కి, కాలితో గేరు వెయ్యండి. మెల్లగా వదలాలి. మెల్లగా! ఆయనైతే..." అని ఆగిపోయింది.

"ఆయనైతే ఏంటి?"

"ఏం లేదు. వదలండి."

ఆరుసార్లు ఆగిపోయింది. రెండుసార్లు పడ్డాను. కాళ్ళు అందవు కాబట్టి రాతి పక్కన ఆపి ఎక్కాలి, రాతి పక్కన ఆపి దిగాలి. హెల్మెట్టు కళ్ళ మీదికి జారుతుంటే లోపల తువ్వాలు కుక్కింది. ఆయన కోటు తొడుక్కోమంటే వద్దన్నాను. చలికి చస్తే చస్తాను గానీ అది మాత్రం తొడుక్కోను.

జులై 12. మారేడుమిట్ట.

వచ్చాను. నలభై ఏడు కిలోమీటర్లకి ఏడు గంటలు పట్టింది. రోడ్డు రెండుచోట్ల లేదు, బండిని తోసుకుంటూ వాగులో దిగి ఎక్కాను. గేరు మార్చిన ప్రతిసారీ నన్ను కింద పడేయడానికి చూసింది. చలికి పళ్ళు కొట్టుకున్నాయి. కోటు తొడుక్కోవాల్సింది.

ఊళ్ళోకి వస్తుంటే ఇళ్ళలోంచి జనం పరిగెత్తుకొచ్చారు. మందుల గది నడిపే పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. "చప్పుడు విని ముక్తేశ్వర్రావు గారొచ్చారనుకున్నామండి ఒక్క క్షణం!"

ఇక్కడ కూడానా!

హెల్మెట్టు తీసి నా మొహం చూపించాను. ఆయన మొహం చిన్నబోయింది. దాచుకోవాలని చూశాడు గానీ దాగలేదు. ఆరునెలలకి సరిపడా ఇన్సులిన్ మంచుపెట్టెలో పెట్టిచ్చాడు. ఆ సీసాలు చేతిలోకొచ్చాక ఎవరి మొహం ఎలా ఉంటే నాకేం అనిపించింది. అలా అనిపించడం ఈ ఆరేళ్ళలో ఇదే మొదలు.

రాజామణిగారు గోనెపట్టా మీద కూర్చుని బండిని చెయ్యి పెట్టి తడిమింది. "బాగానే బిగించావురా కుళ్ళుబోతా," అంది.

జులై 13. ఇంట్లో.

సాయంత్రానికి చేరాను. మా మలుపు తిరిగేసరికి భ్రమరాంబ గుమ్మం బయట ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది. ముందు మందు. వేసుకుంది. అన్నం తిన్నాం. ఇక తప్పించుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"నేనొక్కసారి కూడా నడపలేదు. నీకు తెలుసు."

"తెలుసు."

"మొదటి నెల నించీ?"

"మొదటి నెల మీరు కిందికి దిగారు. నేను చెవులు మూసుకుని వంటింట్లో కూర్చున్నాను, ఆ చప్పుడొస్తుందని. రాలేదు. మీరొచ్చి బాగుందని రాశారు."

"కోపం రాలేదా?"

"ప్రాణం లేచొచ్చింది," అంది. "ఆయన ఆఖరిసారి వెళ్ళినప్పుడు ఆ చప్పుడు ఆ మలుపు దాటి పోవడం విన్నాను. తిరిగి రావడం వినలేదు. మారేడుమిట్టలోనే జ్వరం తగిలి పోయారు. బండేమో తీగబండికి వేలాడుతూ, చడీచప్పుడూ లేకుండా ఇంటికొచ్చింది. మళ్ళీ నెలనెలా ఆ చప్పుడు వినాలంటే నావల్ల కాదనుకున్నాను. ఊరు పెట్టిన పని, మానెయ్యమని మిమ్మల్ని అడగడం ఎలాగ? మీరే మానేశారు. సంతకం పెట్టేశాను."

నేను ఆరేళ్ళు కుళ్ళుకుని చచ్చాను. ఆవిడ ఆరేళ్ళు హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఒకే అబద్ధం మీద ఇద్దరం బతికాం.

"మరి రేడియో దగ్గర? నేను పోయిన నెలే అన్నప్పుడైనా చెప్పొచ్చు కదా! నీ ప్రాణమే!"

"చెబితే బండి బాగవుతుంది. బాగైతే మీరెక్కుతారు."

"ఎక్కకపోతే నువ్వు..."

"సగం డోసుతో ఎలాగోలా నెల లాగేయొచ్చనుకున్నాను."

నాకు కోపం, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు పడాలో తెలియక పళ్ళెం తీసుకెళ్ళి కడిగాను. కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడిగాను. వెనక్కొచ్చి కూర్చున్నాక కూడా నా లోపలి ఆ పాడు పురుగు ఊరుకోలేదు. అడగొద్దు అడగొద్దనుకుంటూనే అడిగాను.

"ఇవాళ చప్పుడు వినబడగానే... ఆయనే వస్తున్నాడనిపించిందా? అక్కడందరికీ అలాగే అనిపించిందట."

భ్రమరాంబ నా వైపు చూసింది. ఎన్నాళ్ళకో నవ్వింది.

"ఆయన బండి చప్పుడు మొదట్నించి చివరిదాకా ఒక్కలాగే ఉండేది. ఇదేమో మలుపు మలుపుకీ ఆగి, ఎగిరిపడి, గరగరమని, మళ్ళీ అందుకుంటోంది. రెండు కొండల అవతల ఉండగానే తెలిసిపోయింది మీరేనని."

"గేర్లు మార్చడం సరిగ్గా నేర్చుకుంటానులే," అన్నాను.

"వద్దు," అంది.